మూడో ఉదయం మబ్బు పట్టింది

1872 నవంబరు చివర మద్రాసు వేధశాలకు జర్మనీలోని గోటింగెన్ నుంచి ఒక తంతి వచ్చింది. పంపినవాడు అక్కడి ఖగోళ శాస్త్రవేత్త క్లింకర్‌ఫ్యూస్. బీలా తోకచుక్క 27న భూమిని తాకింది, సెంటారస్ రాశిలోని తీటా నక్షత్రం దగ్గర వెతకమన్నది అందులోని సంగతి. గోటింగెన్‌లో ఆ నక్షత్రం దిగంతాన్ని దాటి మూడు డిగ్రీలకు మించి లేవదు. మన రాజమండ్రిలో అయితే 37 డిగ్రీల దాకా వస్తుంది.

బీలా మళ్లీ మళ్లీ వచ్చే తోకచుక్క అని 1826లో గుర్తించారు. ఆరున్నరేళ్లకు కాస్త పైబడి ఒకసారి సూర్యుణ్ని చుట్టి వచ్చేది. 1846లో రెండు ముక్కలైంది, 1852లో జంటగా కనిపించింది, మరి జాడ లేదు. 1872 నవంబరు 27 రాత్రి యూరప్‌లో కురిసిన ఉల్కలు దాని ధూళే.

మద్రాసు వేధశాలలో నార్మన్ పాగ్సన్ డిసెంబరు మొదట్లో ఒక తెల్లవారుజామున ఆగ్నేయాన వెతికాడు. మబ్బు సందులో గుండ్రటి మచ్చ దొరికింది. మర్నాడు మళ్లీ చూశాడు, ఈసారి తోక కూడా ఉంది. తర్వాత మబ్బూ వానా. కక్ష్య కట్టాలంటే కనీసం మూడు స్థానాలు కావాలి, ఉన్నవి రెండే. అది బీలా కాదని తర్వాతి లెక్కలు తేల్చాయి. మరేమిటో ఇప్పటికీ తేలలేదు. తోకచుక్కల వేటలో చూడటం సగం పనే. ఎక్కడ, ఎప్పుడు చూశామో పక్కాగా రాసిపెట్టడం మిగతా సగం. నా దృష్టిలో పెద్ద సగం అదే.

మనం వెతికే మసక తోకచుక్కకు సాధారణంగా తోక కనిపించదు, అద్దం మీద ఊదిన ఆవిరిలా ఉంటుంది. ముందు అరగంట చీకట్లో కూర్చుని కళ్లను అలవాటు చేసుకోవాలి. పటం చూడటానికి మసక ఎర్రలైటు చాలు. నేరుగా చూస్తే మాయమవుతుంది. చూపు కాస్త పక్కకు జరిపితే మళ్లీ తేలుతుంది, ఎందుకంటే మసక వెలుతురును పట్టే కణాలు కంటి నడిమధ్యన ఉండవు. దొరికిందనిపిస్తే చుట్టూ ఉన్న మూడు చుక్కలతో బొమ్మ గీసి, టైము వేసి, గంట తర్వాత మళ్లీ చూడాలి. కదలకపోతే అది బహుశా నెబ్యులానో గెలాక్సీనో. తోకచుక్కల వేటగాడు మెస్సియే మసక మచ్చల జాబితా రాసుకున్నది ఇలాంటి వాటితో మోసపోకూడదనే.

హైదరాబాదులో పెరిగిన ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు 1949 జులైలో హార్వర్డ్‌లో తీసిన ఫొటో ప్లేటు మీద తోకచుక్కను పట్టింది కూడా ఈ శ్రద్ధతోనే. దానికి బప్పు-బోక్-న్యూకిర్క్ అని పేరు పెట్టారు.

ఇక మన దగ్గర ఎక్కడ చూడాలంటే, భీమవరం వైపు చెరువుల లైట్లు ఆకాశాన్ని తినేస్తున్నాయి. అంతర్వేది తీరాన దక్షిణం ఇంకా చీకటిగా దొరుకుతుంది. శీతాకాలంలో ఆకాశం తేటగా ఉన్నా, మంచు కటకాల మీద పేరుకుంటుంది. పొడిగుడ్డ దగ్గర ఉంచుకోవాలి.

3.3 ఏళ్లకోసారి వచ్చే ఎన్‌కే తోకచుక్క 2027 ఫిబ్రవరిలో సూర్యుడి దగ్గరికి వస్తుంది. సంక్రాంతికి ముందు అమావాస్య రాత్రుల్లో, పొద్దుగుంకాక పడమట చిన్న టెలిస్కోపుతో వెతకాలి. కొబ్బరిచెట్లు అడ్డురాని గట్టేదో ఇప్పుడే చూసి పెట్టుకుంటే మేలు.