లేవండి, లేవండి!

మొన్న ఒక తెలుగు మాస్టారి పదవీ విరమణ సభకు వెళ్లాను. దండలూ శాలువాలూ అయ్యాక యాంకరమ్మాయి మైకందుకుని, "మాస్టారికి స్టాండింగ్ ఓవేషన్ ఇద్దామండీ, లేవండి, లేవండి" అంది. లేచాం. నాకు ఒళ్లు మండింది. శాలువాల మీద నా చాదస్తం ఈ కాలమ్ చదివేవాళ్లకు పాతదే, ఇప్పుడు దీనితో అది ముదిరింది. మర్యాదను అడిగి చేయించుకుంటారా?

తిట్టడానికి సరుకు కోసం ఆ మాట పుట్టుక వెతికాను. బాగానే దొరికింది. పాత రోములో ఓవేషన్ రెండో రకం మర్యాదట. గెలిచొచ్చిన సేనానికి అసలు మర్యాద ట్రయంఫ్. అందులో నాలుగు గుర్రాల రథం, తలకు లారెల్ ఆకులు, ఎద్దుల బలి ఉంటాయి. ఓవేషన్‌లో రథం లేదు, నడిచి రావాలి. గుర్రం తర్వాతి రోజుల్లో వచ్చిన సదుపాయం. తలకు మర్టిల్ ఆకులు, బలికి గొర్రె. క్రీ.పూ. 71లో స్పార్టకస్ తిరుగుబాటును అణిచిన క్రాసస్‌కి దక్కింది ఇదే. బానిసల మీద గెలుపూ ఒక గెలుపేనా అని పెద్దల ఉద్దేశం. కోటికి పడగెత్తిన క్రాసస్ ఊరుకుంటాడా? కనీసం లారెల్ అయినా పెట్టుకోనివ్వండని సెనేట్ చేత ఒప్పించుకున్నాడు. శాలువా జరీ చూసి అలిగే మన ప్రముఖులకు వంశకర్త దొరికాడు.

లాటిన్‌లో గొర్రె ఓవిస్, అందుకే ఓవేషన్ అన్నాడు పాతకాలపు జీవితచరిత్రకారుడు ప్లూటార్క్. నేటి పండితులు కాదంటారు, ఆనందించడమనే క్రియే మూలమంటారు. నాకు మాత్రం గొర్రె కథే నచ్చింది, మేం లేచిన తీరు అలాగే ఉంది మరి.

కాలమ్ అక్కడితో అయిపోవాల్సింది. కానీ రోమన్ సేనాని మార్సెల్లస్ జీవితకథలో ఆ ప్లూటార్కే ఇంకో మాట చెప్పాడు. పూర్వం నెత్తురు పారించి గెలిచినవాడికి ట్రయంఫ్, మాటలతో నచ్చజెప్పి పని చక్కబెట్టినవాడికి ఓవేషన్ ఇచ్చేవారట. అందుకే ఇందులో బాకాలుండవు, పిల్లనగ్రోవులుంటాయి. మర్టిల్ కూడా ప్రేమదేవత అఫ్రొడైటీ మొక్క.

గణాలంటే బెదిరిపోయే పిల్లల్ని బతిమాలి, నవ్వించి, ఉత్పలమాల రాయించిన మనిషి మా మాస్టారు. ఆయనకు సరిగ్గా అతికే మర్యాద ఇదే. ఒకరు చెప్పి లేపినా సరే, లేవాల్సిందే. ట్రయంఫ్ ఇద్దామంటే మాత్రం కూర్చునే ఉండేవాణ్ణి. రోమన్ రచయిత వలేరియస్ మాక్సిమస్ రాసిన ప్రకారం దానికి ఒక్క యుద్ధంలోనే కనీసం 5,000 మంది శత్రువులు చావాలి. మాస్టారి చేతిలో చచ్చినవల్లా యతి తప్పిన పద్యాలే.