మామూలు అల్సరే

కురొసావా ‘ఇకిరు’ (1952) మొదటిసారి ఇంజనీరింగ్ హాస్టల్లో చూశాను. చనిపోయేముందు పిల్లలకోసం పార్కు కట్టించిన ఒక ఆఫీసరు కథగా నచ్చింది. ఈమధ్య మళ్ళీ చూస్తే, ఆసుపత్రి సీను దగ్గరే ఆగిపోయాను.

వతానబేకి వెయిటింగ్ హాల్లో ఒక రోగి చెప్తాడు: డాక్టరు మామూలు అల్సరే, ఇష్టమైంది తినమన్నాడంటే అది కడుపు కాన్సరేనని. లోపల డాక్టరు సరిగ్గా అవే మాటలంటాడు. నిజం చెప్పమని బతిమాలినా చెప్పడు. వతానబే బయటికెళ్ళాకే ‘ఆరు నెలలు’ అన్న మాట వస్తుంది. గదిలో అందరికీ తెలిసిన నిజం, అది ఎవరిదో ఆ మనిషికి మాత్రం చెప్పరు.

బోషాంప్, చిల్డ్రెస్ 1979లో రాసిన ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ బయోమెడికల్ ఎథిక్స్’ వైద్యనీతికి నాలుగు సూత్రాలు చెప్తుంది: రోగి నిర్ణయాన్ని గౌరవించడం, హాని చేయకపోవడం, మేలు చేయడం, న్యాయం. వీటిలో ఏది ముందో వరస ఇవ్వదు, సందర్భాన్నిబట్టి తూచుకోమంటుంది. కోడ్ రాసుకునే నాలాంటివాడికి ఇది చిరాకు. కానీ ఆ డాక్టరు పొరపాటు అక్కడే ఉంది. మేలు అనుకున్నదాన్ని ఒక్కదాన్నే తూచాడు.

అతన్ని తిట్టే అర్హత నాకు లేదు. నాన్న బయాప్సీ రిపోర్టు వచ్చినరోజు “ఆయనకి చెప్పకండి డాక్టర్” అన్నది నేనే. “గ్యాస్ ట్రబులేగా” అని నాన్న నవ్వేవాడు. ఆయన పోయాక బీరువాలో ఒక ఫైలు దొరికింది. ఇన్సూరెన్స్ కాయితాలు, బ్యాంకు నామినీ ఫారాలు, అన్నీ వరసగా. తారీఖులు చూశాను. రిపోర్టొచ్చిన వారానికే మొదలుపెట్టాడు. ఏడు నెలలు ఒకరి ముందు ఒకరం నటించాం.

అందుకే ఇప్పుడు ‘ఇకిరు’తో నాకొక పేచీ ఉంది. నిజం తెలిసింది కాబట్టి వతానబే పార్కు కట్టాడు. అంటే నిజానికి విలువ పార్కు వల్ల వచ్చినట్టు కనిపిస్తుంది. ఏమీ కట్టని మనిషి సంగతేంటి? తన ఒంటి గురించి తెలుసుకోడానికి ఎవరూ ముందుగా గొప్పవాళ్ళు కానక్కర్లేదు.

నాన్న పార్కులేం కట్టలేదు. రోజూ క్రికెట్ చూశాడు. నేనూ పక్కనే కూర్చున్నాను. స్కోరు గురించి తప్ప ఇంకేం మాట్లాడుకోలేదు.