ఉమ్మడి అయస్కాంతం

పత్రికల్లో మెదడు బొమ్మలు చూస్తుంటాం. బూడిదరంగు మెదడు మీద ఒకచోట ఎర్రటి మచ్చ, కింద "భయం పుట్టేది ఇక్కడే" అని ఒక వాక్యం. నిజానికి ఆ ఎరుపు మెదడులో లేదు, స్కానర్‌కూ కనిపించదు. వందల కొలతలు తీసి, వాటి మధ్య ఉన్న అతి చిన్న తేడాను లెక్కగట్టి, అది కాకతాళీయం కాదని నమ్మకం కుదిరాక మనిషి వేసిన రంగు అది. ఆ రంగును ఎంతవరకు నమ్మవచ్చో చెప్పేది స్కానర్ ఖరీదు కాదు. స్కాన్ మొదలుకాకముందు కొన్ని వారాలపాటు ఎవరు ఏ పని ఎంత ఓపికగా చేశారన్నదే చెబుతుంది. ముప్పై ఏళ్లకు పైగా ఆ ఓపిక ఒక సంప్రదాయంగా ఎదిగింది. పుస్తకాల్లో కొంత ఉంది గానీ, ఎక్కువభాగం స్కానర్ నడిపే కన్సోల్ పక్కన కూర్చుని ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నదే.

రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోస్తున్నప్పుడు అయస్కాంతానికి ఒకలా, దించేశాక మరోలా స్పందిస్తుందని లైనస్ పాలింగ్, చార్లెస్ కొరియెల్ 1936లోనే చూపించారు. 1990లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో సెయిజీ ఒగావా బృందం ఎలుకల మెదడులో ఆ తేడాను ఎమ్మారైతో పట్టుకుంది. 1992కల్లా కొన్ని బృందాలు అదే పని మనుషుల్లో చేసి చూపించాయి. సూదిమందు అక్కర్లేదు, రేడియేషన్ లేదు. దీన్నే ఫంక్షనల్ ఎమ్మారై అంటున్నాం. మెదడులో ఒక భాగం చురుగ్గా పనిచేస్తే అక్కడికి అవసరాన్ని మించి తాజా రక్తం వస్తుంది. స్కానర్ చూసేది ఆ రక్తాన్నే, ఆలోచనను కాదు. ఆ రక్తమూ తీరిగ్గా వస్తుంది. పని జరిగిన అయిదారు సెకన్లకు గానీ స్పందన శిఖరానికి చేరదు. చేరినా సిగ్నల్‌లో వచ్చే మార్పు సాధారణంగా ఒకటి రెండు శాతమే. ఈ రంగంలోని జాగ్రత్తలన్నీ ఈ రెండు ఇబ్బందుల నుంచి పుట్టినవే: స్పందన ఆలస్యం, మార్పు స్వల్పం.

ఇంత సున్నితమైన కొలతకు కావలసిన యంత్రం కోట్ల ఖరీదు. అందుకే ఏ ఒక్క ప్రొఫెసర్ దగ్గరా సొంత స్కానర్ ఉండదు. బోస్టన్ నగరంలో భాగమైన చార్లెస్‌టౌన్‌లోని మార్టినోస్ సెంటర్‌లో, నెదర్లాండ్స్‌లోని డాండర్స్ సంస్థలో, మన మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో, ఎక్కడైనా యంత్రం పదిమందిదీ. సైకాలజీ వాళ్లు, నరాల డాక్టర్లు, భాషాశాస్త్రం వాళ్లు, ఇంజనీర్లు గంటల లెక్కన పంచుకుంటారు. చెరువు కింద వంతు నీళ్లు పారించుకునే రైతులకు తెలిసిన మర్యాదే ఇక్కడా నడుస్తుంది. నా వంతు పది నిమిషాలు దాటితే, స్కాన్ కోసం నిద్రమానుకుని దూరం నుంచి వచ్చిన పిల్లవాడు పక్క గదిలో విసిగిపోతాడు, ఇంకొకరి ప్రయోగం చెడుతుంది.

ఈ మర్యాదకు రాతపూర్వకమైన నియమాలుంటాయి. కన్సోల్‌లో ప్రతి ప్రాజెక్టుకూ దాని సొంత ప్రోటోకాల్ ఉంటుంది. ఇంకొకరి దాంట్లో ఒక్క అంకె కూడా మార్చకూడదు. తల చుట్టూ అమర్చే హెడ్ కాయిల్ వాడినవాళ్లు దాన్ని దాని చోట పెట్టి వెళ్లాలి. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఎక్కించే ముందు అందరికీ చెప్పాలి. ఏడాదిపాటు సాగే అధ్యయనం మధ్యలో యంత్రం స్వభావం మారితే, మార్పు మనుషులదో యంత్రానిదో ఎప్పటికీ తేలదు. ఏ చిన్న తేడా కనిపించినా లాగ్‌లో రాయాలి. కొత్తగా వచ్చిన విద్యార్థి అనుభవజ్ఞుల పక్కన కొన్ని సెషన్లు కూర్చుని, భద్రతా శిక్షణ పూర్తిచేసి, వాళ్ల ఎదుట తానే స్కాన్ నడిపి చూపించాకే స్వతంత్రంగా చేసే అనుమతి వస్తుంది. అప్పుడు కూడా ఒంటరిగా కాదు, పక్కన శిక్షణ పొందిన ఇంకొకరు ఉండాల్సిందే.

పొద్దున్నే స్కానర్‌లోకి వెళ్లేది మనిషి కాదు, ఫాంటమ్. జెల్లో, ద్రవమో నింపిన గుండ్రటి సీసా లాంటిది. దానికి ఆలోచనలు లేవు, రక్తం లేదు, కదలదు. దాన్ని కొన్ని నిమిషాలు స్కాన్ చేస్తే వచ్చే ఒడిదుడుకులన్నీ యంత్రానివే. ముప్పై రెండు యాంటెనాలున్న కాయిల్‌లో ఒకటి పాడైనా బొమ్మ కంటికి బాగానే ఉంటుంది. రోజూ గీసే గ్రాఫ్‌లో మాత్రం గీత కిందికి జారుతుంది. ఈ గ్రాఫ్‌తో ఎవరికీ పరిశోధనా పత్రం రాదు, అయినా అందరి పత్రాలూ దాని మీదే నిలబడతాయి. ఉమ్మడి ల్యాబ్‌లో అన్నిటికన్నా విలువైన పని ఏదని అడిగితే నేను దీన్నే చెబుతాను.

అసలు కష్టం ప్రశ్నను ప్రయోగంగా మలచడంలో ఉంది. "ముఖాలు చూస్తే మెదడులో ఏమవుతుంది?" అన్నది ప్రశ్న కాదు. ముఖం చూసినప్పుడు వెలుతురు, ఆకారం, ఆసక్తి అన్నీ కలిసే పనిచేస్తాయి. కాబట్టి ముఖాలను ఇంకో దానితో పోల్చాలి. 1997లో నాన్సీ కాన్‌విషర్, సహచరులు ముఖాలను వస్తువులతో, ఇళ్లతో, చేతుల బొమ్మలతో పోల్చి చూసి, ముఖాలకు మరీ ఎక్కువగా స్పందించే ఒక ప్రాంతాన్ని గుర్తించారు. ఆ పని బలమంతా దేనితో పోల్చాలో ఎంచుకున్న తీరులోనే ఉంది. తర్వాత వేళల లెక్క. రక్తం తీరిగ్గా వస్తుంది కాబట్టి, ఒకే రకం బొమ్మలను పదిహేను ఇరవై సెకన్లు వరసగా చూపించి ఆపడం ఒక పద్ధతి. విడివిడిగా చూపించాలంటే బొమ్మల మధ్య విరామాన్ని ఒకసారి కొంచెం, ఒకసారి ఎక్కువ చేయాలి. లేకపోతే ఒక బొమ్మకు వచ్చిన స్పందన పక్కదానితో కలిసిపోయి విడదీయలేం. వాలంటీర్లందరూ "అవును"కు కుడిచేతి బటనే నొక్కితే, చివరికి మనం కనిపెట్టేది కుడిచేతి వేలును కదిపే ప్రాంతాన్ని. అందుకే సగంమందికి బటన్లు తారుమారు చేస్తారు. ప్రతి స్కాన్ మొదలవగానే యంత్రం ఒక ట్రిగ్గర్ పంపుతుంది. దాన్ని అందుకుని బొమ్మలు చూపే కంప్యూటర్ అదే క్షణంలో మొదలవ్వాలి. ఈ ఒక్క తీగ సరిగా లేక గంటల డేటా వ్యర్థం కావచ్చు. కాబట్టి ముందుగా ఫాంటమ్‌తో, ఆ తర్వాత ఒకరిద్దరు తోటి పరిశోధకులతో ప్రయోగం మొత్తం నడిపి చూడటం ఆనవాయితీ.

తెలుగు పదాలతో చేసే ప్రయోగానికి ఇంకో జాగ్రత్త కావాలి. ఒత్తులు, గుణింతాలు తెరమీద విడిపోకుండా కనబడాలంటే పదాన్ని ముందే బొమ్మగా మార్చి పెట్టుకోవడం మేలు. పొడవాటి సమాసానికీ రెండక్షరాల పదానికీ కన్ను కదిలే తీరు వేరు. అది సరిచూడకుండా పోలిస్తే దొరికేది చదువు గురించిన సత్యం కాదు, కంటి కదలికల లెక్క.

ఇక వాలంటీర్. 3 టెస్లా అయస్కాంతమంటే భూమి అయస్కాంత క్షేత్రానికి సుమారు 60,000 రెట్లు. స్కాన్ జరగకపోయినా, రాత్రి లైట్లు ఆర్పేసినా ఆ బలం అలాగే ఉంటుంది. 2001లో న్యూయార్క్ రాష్ట్రంలో గదిలోకి తెచ్చిన ఆక్సిజన్ సిలిండర్ ఎగిరివచ్చి తగిలి స్కానర్‌లో ఉన్న ఆరేళ్ల బాలుడు చనిపోయాడు. 2018లో ముంబైలో సిలిండర్ పట్టుకుని లోపలికి వెళ్లిన యువకుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. అందుకే గది తలుపు దగ్గర కాపలా అన్నది ఎవరి హోదానూ చూడదు. లోపల ఎవరికైనా గుండె ఆగినా ముందు బయటికి తీసుకొచ్చి, ఆ తర్వాతే వైద్యం మొదలుపెట్టాలి.

స్క్రీనింగ్ ఫారంలో పేస్‌మేకర్, మెదడు రక్తనాళానికి వేసిన క్లిప్, చెవిలో అమర్చిన ఇంప్లాంట్, వెల్డింగ్ పనిలో కంట్లో పడిన ఇనుప రజను లాంటివన్నీ అడుగుతారు. పాశ్చాత్య దేశాల్లో తయారైన ఆ ఫారాలను అలాగే తెచ్చుకుంటే మనకు చాలదు. "ఒంటి మీద లోహం ఏమైనా ఉందా?" అంటే మనవాళ్లు లేదనే అంటారు. మొలతాడుకు కట్టిన తాయెత్తు వాళ్ల దృష్టిలో లోహం కాదు. చీర కుచ్చిళ్ల దగ్గరి పిన్నీసు, జడలో దూరిన పిన్ను, జాకెట్టు హుక్కులు, మెట్టెలు, ముక్కుపుడక, జరీ అంచు, అన్నీ పేరుపేరునా అడగాలి. బంగారాన్ని అయస్కాంతం లాగదు గానీ, స్కాన్ చేసేటప్పుడు మెడలోని గొలుసులో కరెంటు పుట్టి వేడెక్కవచ్చు. మంగళసూత్రం తీయాల్సి ఉంటుందని ఫోన్‌లోనే, ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడుకునే వ్యవధి ఉండగానే చెప్పాలి. గుమ్మం దగ్గరికొచ్చాక చెబితే అది ఆమెను ఇరుకున పెట్టడమే. మర్యాద తప్పిన చోట శాస్త్రమూ సాగదు. మనసు కలతపడిన మనిషి స్కానర్‌లో కదులుతుంది.

కుడిచేతివాటమా ఎడమచేతివాటమా అన్నది తప్పనిసరి ప్రశ్న. కుడిచేతివాటం వాళ్లలో అత్యధికులకు భాష మెదడు ఎడమవైపున ఉంటుంది, ఎడమచేతివాటం వాళ్లలో కొందరికి అలా ఉండదు. దీనికోసం లోకమంతా వాడే ఎడిన్‌బరో ప్రశ్నావళి 1971 నాటిది. ఏ చేత్తో రాస్తారు, ఏ చేత్తో చెంచా పట్టుకుంటారు అని అడుగుతుంది. ఎడమచేత్తో తింటే తల్లి చేతి మీద ఒకటి వేసే ఇళ్లలో పెరిగినవాళ్లకు ఈ రెండు ప్రశ్నలూ నిజం చెప్పవు. బంతి ఏ చేత్తో విసురుతారు, అగ్గిపుల్ల ఏ చేత్తో గీస్తారు అన్న జవాబులకే ఎక్కువ విలువ ఇవ్వాలని నా అభిప్రాయం.

లోపల పడుకున్నాక అంతా కదలకుండా ఉండటం గురించే. 2012లో జొనాథన్ పవర్ బృందం, మిల్లీమీటరులో కొంత భాగం మేర తల కదిలినా మెదడు ప్రాంతాల మధ్య లేని సంబంధాలు ఉన్నట్టు కనబడతాయని చూపించింది. పిల్లలు పెద్దల కన్నా ఎక్కువ కదులుతారు. కాబట్టి పిల్లల మెదడు గురించి అంతకుముందు వచ్చిన కొన్ని ఫలితాలను మళ్లీ తూచి చూడాల్సి వచ్చింది. తల చుట్టూ దిండ్లు సర్దడం, ముందే బాత్రూముకు పంపడం, మోకాళ్ల కింద మెత్త పెట్టడం చిన్న పనులుగా కనిపిస్తాయి. తర్వాత ఏ కంప్యూటరూ అంత బాగా సరిచేయలేదు. పిల్లల కోసం చాలా ల్యాబ్‌లలో నకిలీ స్కానర్ ఉంటుంది. అదే సొరంగం, స్పీకర్లలో అదే చప్పుడు, అయస్కాంతం మాత్రం ఉండదు. తల కదిలితే చూస్తున్న సినిమా ఆగిపోతుంది. నిశ్చలంగా ఉండటం పిల్లలు ఆటలాగా నేర్చుకుంటారు. పొద్దున కాఫీ తాగారా అని కూడా అడగాలి, కెఫీన్ మెదడుకు వెళ్లే రక్తాన్ని తగ్గిస్తుంది. ప్రతి విడత స్కాన్ తర్వాత మైకులో పలకరించాలి. మౌనంగా వదిలేస్తే నిద్రపోతారు, లేదా భయపడతారు.

వాలంటీర్‌తో ముందే తేల్చుకోవాల్సిన మాట ఒకటుంది: ఇది జబ్బులు కనిపెట్టే స్కాన్ కాదు. అయినా ఎప్పుడైనా అనుమానాస్పదమైనది కనబడవచ్చు. కనబడితే ఏ డాక్టర్ చూస్తారు, వాలంటీర్‌కు ఎవరు చెబుతారు అన్నది సమ్మతిపత్రంలోనే ఉండాలి. ఆ క్షణంలో కన్సోల్ దగ్గరున్న విద్యార్థి ముఖకవళికలు మార్చకూడదు, ఒక్క మాట తూలకూడదు.

డేటా వచ్చాక పేర్లు తీసేస్తారు. త్రీడీ బొమ్మ నుంచి మనిషి ముఖాన్ని తిరిగి గీయవచ్చు కాబట్టి ముఖభాగాన్నీ చెరిపేస్తారు. 2016లో వచ్చిన బిడ్స్ అనే ఏర్పాటు ప్రకారం ఫైళ్లకు ఎక్కడివాళ్లకైనా అర్థమయ్యే పేర్లు పెడతారు. ఇక లెక్కలు. మెదడును లక్షకు పైగా చిన్న ఘనాలుగా చూస్తే, ఊరికే యాదృచ్ఛికంగా కొన్ని "వెలుగుతాయి". దీన్ని క్రెయిగ్ బెన్నెట్, సహచరులు 2009లో చచ్చిన సాల్మన్ చేపతో రుజువు చేశారు. ప్రోటోకాల్ సరిచూసుకోవడానికే ఆ చేపను స్కానర్‌లో పెట్టారు, మనుషుల ఫోటోలు చూపించారు, మామూలుగానే లెక్కగట్టారు. యాదృచ్ఛికత్వానికి తగిన సవరణ చేయకపోతే చేప మెదడులోనూ ఎర్రమచ్చ వచ్చింది. చేస్తే మాయమైంది. 2020లో నేచర్ పత్రికలో ఇంకా గంభీరమైన ఫలితం వచ్చింది. ఒకే డేటాను 70 బృందాలకు ఇచ్చి అవే తొమ్మిది ప్రశ్నలు అడిగితే, ఏ రెండు బృందాలూ ఒకే దారిలో నడవలేదు, కొన్ని ప్రశ్నలకు జవాబులూ కలవలేదు. ఏ దారిన నడవబోతున్నామో ముందే రాసి అందరికీ తెలియజేయడం, డేటాను ఇతరుల ముందు పెట్టడం ఇప్పుడు ఈ సంప్రదాయంలో భాగమయ్యాయి. యంత్రం పంచుకోవడంతో మొదలైన అలవాటు ఇంత దూరం రావడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

మన వంతు పని ఇంకా చాలా మిగిలి ఉంది. ప్రపంచమంతా మెదళ్లను పోల్చే ప్రామాణిక నమూనా మాంట్రియల్‌లో తయారైంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు 2019లో 100 మంది భారతీయ యువతీయువకుల స్కాన్లతో మన సొంత అట్లాస్ తయారుచేశారు. సగటు భారతీయ మెదడు పొడవు, వెడల్పు, ఎత్తు పాశ్చాత్యుల సగటు కన్నా తక్కువని తేలింది. తెలివికి దానితో సంబంధం లేదు గానీ, కొలబద్ద వేరైతే వయసు వల్ల వచ్చే కుదింపును జబ్బుగా పొరబడే ప్రమాదం ఉంది. 2013లో సువర్ణ అల్లాడి, సహచరులు హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవాళ్లలో ఆ జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని చూశారు. చదువురాని వాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, వీధిలో దక్కనీ ఉర్దూ మాట్లాడే డెబ్బై ఏళ్ల అక్షరంరాని అవ్వ మెదడులో ఆ రక్షణ ఎలా పనిచేస్తుందో స్కానర్‌లో చూడాలంటే తెరమీద పదాలు పనికిరావు. బొమ్మలు, వినే మాటలు కావాలి. కట్టుడుపళ్లు తీయించాలి. చప్పుడులోనూ ఆమెకు వినపడే హెడ్‌ఫోన్లు దొరకాలి. సమ్మతిపత్రం చదివి వినిపించి, ఆమె తన మాటల్లో తిరిగి చెప్పేదాకా ఆగాలి. బటన్ నొక్కడం ముందురోజే నేర్పాలి. ఇవన్నీ చేయగలిగే బృందానికి అయస్కాంతం దగ్గర ఒక గంట ఎక్కువే కేటాయించాలి.