పైన్‌కు బలం బెరడు వైపు

గుంటూరు బ్రాడీపేట లైన్లలో ఇంటి పనులు చేసే వడ్రంగి టేకు దుంగ చూడగానే చేవ ఎంతుందో అంచనా వేస్తాడు. నడిమి ముదురు చెక్కకే ధర. చుట్టూ ఉన్న తెల్లచెక్కకు పురుగు పడుతుందని పక్కన పెడతాడు. టేకుకు ఆ చూపు సరైనదే. తోటలో పెంచిన పైన్‌కు మాత్రం అది పనికిరాదు.

న్యూజిలాండ్ నుంచి వచ్చే రేడియాటా పైన్ దుంగలు ఎక్కువగా కాండ్లా రేవులో దిగి, గాంధీధామ్ కోతమిల్లుల్లో పలకలవుతాయి. దీని సొంతూరు కాలిఫోర్నియా తీరం. న్యూజిలాండ్ తోటల్లో పాతిక, ముప్పై ఏళ్లకే కోతకు వస్తుంది. అంత వేగంగా పెరిగిన చెట్టులో నడిమి పది వలయాల దాకా లేత చెక్కే. అక్కడి కణాల గోడలు పల్చన. ఆరిన చెక్క లెక్కన ఘనపు మీటరుకు 350 కిలోల చుట్టుపక్కల తూగుతుంది. బెరడు వైపు వెళ్లేకొద్దీ 450 దాకా పెరుగుతుంది. చెట్టు పైభాగమంతా లేతదే కాబట్టి మొదలు దుంగే గట్టిది. ఒకే వలయంలోనూ వసంతంలో పెరిగిన లేత రంగు పట్టీ తేలిక, వేసవి చివర ఏర్పడిన ముదురు పట్టీ బరువు.

బరువు తగ్గడమొక్కటే అయితే సర్దుకోవచ్చు. అసలు చిక్కు ఆరేటప్పుడు వస్తుంది. మామూలు చెక్క పొడవులో దాదాపు కుంచించుకోదు. పైన్ నడిమి చెక్క కుంచించుకుంటుంది, పైగా మెలితిరుగుతుంది. ఒక ముఖం నడిమిది, మరో ముఖం బయటిది అయిన పలకతో తలుపు చేస్తే, గుంటూరు ఎండలకు అది వంగడంలో వింతేముంది? ఆ నింద పనివాడి మీద వేయడం అన్యాయం.

ప్రకాశం జిల్లా రైతులకు ఈ సంగతి మరో రూపంలో తెలుసు. నాలుగైదేళ్లకే కొట్టే జామాయిల్ అంతా లేత కర్రే. కాగితం మిల్లుకు అది చాలు. ద్వారబంధానికి చాలదు.

పైన్ కొనేవారు పలక కొన చూడాలి. చెట్టు నడిబొడ్డు చుట్టూ వెడల్పాటి వలయాలు గుండ్రంగా కనిపిస్తే అది బీరువా వెనక చెక్కకో, ప్యాకింగ్ పెట్టెకో ఉపయోగపడుతుంది. వలయాలు దగ్గర దగ్గరగా, కాస్తంత వంపుతో సాగితే తలుపు చట్రానికి తీసుకోవచ్చు. ఏ ముక్కయినా మందు పట్టించినదేనా అని అడగండి. రేడియాటాకు చేవ ఉన్నా చెదలకు ఆగదు. దుకాణదారులు నడిమి పలకలనూ బయటి పలకలనూ విడదీసి, వేర్వేరు ధరలకు అమ్మాలి.