చిత్తము

కోవిల్‌పట్టి, విరుదునగరములందలి మన కుటుంబములలో మాటలాడునది తెలుగు, చదువుకొన్నది తమిళము. వీనిలో క్రైస్తవ కుటుంబములు కొన్ని గలవు. మా యింటిదియు అదే త్రోవ. ప్రార్థన తమిళముననే సాగును. అయినను రెండు భాషల బైబిళ్ళలోను దేవుని సంకల్పమునకు వాడిన మాట యొక్కటే: 'చిత్తము'. మన తెలుగున ఆ మాటకు మరియొక వాడుక గలదు. దొర ఆజ్ఞాపింపగా బంటు చేతులు కట్టుకొని పలుకు బదులు అది. ముప్పదియైదేండ్లు గుమాస్తాగిరి చేసిన మేము దాని నెన్నిమారులు పలికితిమో లెక్క లేదు. అందు నమ్మిక యెంత, భయమెంత, జీతముపై ఆశ యెంత యని యిప్పుడు తలచిన నవ్వు వచ్చును.

ప్రార్థనలో పలుకు చిత్తము ఈ జాతిది కాదని మాకు తోపించిన పుస్తకము, అమీ కార్మైకేల్ రచించిన 'రోజ్ ఫ్రమ్ బ్రయర్'. అనగా ముండ్లపొదనుండి గులాబి. 1933లో వెలువడినది. రచయిత్రి మనకు దూరపు మనిషి కాదు. 1867లో ఐర్లండున జన్మించి, 1895లో ఈ దేశమునకు వచ్చి, మనకు దక్షిణమున తిరునెల్వేలి సీమలోని డోనావూరున స్థిరపడి, ఆలయములకు అర్పింపబడనున్న బాలికలను చేరదీసి పెంచెను. 1931 అక్టోబరులో కళక్కాడున మసకచీకటిలో గోతిలో పడి కాలు విరిగెను. ఆపై 1951లో కన్నుమూయు వరకు, ఇంచుమించు ఇరువదియేండ్లు, చాలవరకు గదికే పరిమితమయ్యెను.

ఈ పుస్తకము మా చేతికి వచ్చిన నాటికి కోవిల్‌పట్టిలో మా అక్క తుంటి విరిగి మంచము పట్టియుండెను. విరుదునగరమునుండి చుట్టములు చూడవచ్చి, "అంతా దేవుని చిత్తమమ్మా, ఎందుకని అడగకూడదు" అనిరి. అక్క గోడవైపు తిరిగి పరుండెను. వారు బస్సెక్కిన పిమ్మట, "చెప్పేదానికేమిరా తమ్ముడా, నొప్పి నాది గదా!" అనెను.

ఆ మాటకు ఈ పుస్తకములో సమాధానము గలదు. రోగులకు ఓదార్పు చెప్పు పుస్తకములు పెక్కు ఆరోగ్యవంతులు వ్రాసినవి. ఇది రోగి రోగులకు వ్రాసిన ఉత్తరముల సంపుటి. మాటకు మాట కాక, భావము తెలుగున చెప్పుచు అక్కకు వినిపించితిమి. లోపములు లేకపోలేదు. నడుమ నడుమ వచ్చు ఆంగ్లపద్యములు మాకు అడ్డుపడినవి. నిద్రరాని రాత్రుల విసుగును పూలమాటలతో కొంత కప్పినట్లును తోచినది. అట్టి పుటలను మేము దాటవేసితిమి. అక్క కనిపెట్టి, "ఏమిరా, తొందరగా తిప్పుతావు?" అనెను.

మా చుట్టముల మాటలోని తప్పు చిత్తమనుటలో లేదు, అడుగరాదనుటలో నున్నది. క్రీస్తు గెత్సేమనే తోటలో, తన పాత్ర తొలగవలెనని ముమ్మారు వేడెను. పౌలు తన శరీరమందలి ముల్లు పోవలెనని ముమ్మారు వేడెను. పాత్ర తొలగలేదు, ముల్లు పోలేదు. అయినను అడిగినందుకు వారిని అవిశ్వాసులని యెవరనిరి? మతము వేరైనను మన భద్రాచల రామదాసును తలచుకొనుడు. చెరసాలలో నుండి రాముని నిలదీసెను, దెప్పిపొడిచెను. తనవాడని నమ్మినవాడే అట్లు దెప్పగలడు. మేము మా పైయధికారి నొక్కనాడును అట్లు అడిగి యెరుగము. అడిగి, బదులు రాకున్నను ఆ చేయి విడువక పలుకు చిత్తము వేరు. అడుగ భయపడి పలుకు చిత్తము వేరు. మన కూటములలోని ప్రార్థనలు పెక్కు ఈ రెండవ జాతివని మా అభిప్రాయము. వానిలో వినయము కన్న తొందర హెచ్చు.

అక్క యిప్పుడు కర్ర పట్టుకొని గడపవరకు రాగలదు, అంతే. ప్రతి రాత్రియు గుడివరకు నడచు బలమిమ్మనియే అడుగును. ఒక్కొక్కనాడు కోపముగానే అడుగును. పిమ్మట కొంతసేపు ఊరకుండి, తమిళము విడిచి తెలుగున, ఆ ఒక్క మాట పలికి దీపమార్పుమనును.