నిగనిగలాడే నల్లకుండ

కుండ అన్నాక నీళ్ళు నిలవాలి. నిలవని కుండ ఎంత అందంగా ఉంటే మాత్రం ఏం లాభం, అంటాం మనం. మెక్సికో నల్లమట్టి పాత్రలు సేకరించే రసికుల ముందు మాత్రం ఆ మాట అనకండి, చిన్నబుచ్చుకుంటారు!

ఒహాకా నగరానికి దక్షిణాన సాన్ బార్తొలో కొయొతెపెక్ అని ఓ ఊరుంది. అక్కడి జపోతెక్ కుమ్మరులు తరతరాలుగా చేసినవి నిజానికి బూడిదరంగు కుండలు. నీళ్ళకీ, కిత్తనార జాతి మొక్కనుంచి తీసే మెస్కల్ అనే సారాకీ పనికొచ్చే గట్టి సరుకు. సారె కూడా లేదు. ఒక పళ్ళెం బోర్లించి, దానిమీద ఇంకోటి పెట్టి, చేత్తోనే తిప్పుకుంటారు.

1950ల్లో ఆ ఊరి దోన్యా రోసా ఓ కిటుకు పట్టుకుంది. కుండ పూర్తిగా ఆరకముందే పలుగురాయితో ఒళ్ళంతా రుద్ది మెరుగుపెట్టడం, ఆవంలో సెగ కాస్త తగ్గించి కాల్చడం. అంతే, కాటుకనలుపు, అద్దంలాంటి నిగనిగ! రంగు పూసిందనుకునేరు, చుక్క రంగు లేదు. ఆవంలో గాలాడనివ్వకపోతే మట్టిలోని ఇనుమే నల్లబడుతుంది.

నెల్సన్ రాక్‌ఫెల్లర్ అంతటివాడు ఆవిడ కుండలు కొన్నాడు. అయితే ఆ నిగారింపు ఊరికే రాలేదు. సెగతోపాటు గట్టిదనమూ తగ్గింది. నీళ్ళు పోస్తే చెమరుస్తుంది. పాపం, కుండ వంటింట్లోంచి షోకేసులోకి వెళ్ళి కూచుంది.

నా పేచీ ఆవిడతో కాదు. ప్లాస్టిక్కూ అల్యూమినియమూ వచ్చాక నీళ్ళకుండ కొనేదెవరు? ఆ మెరుపే ఊరికింత అన్నం పెట్టింది. పేచీ అంతా, మెరిస్తేనే పాతకాలపు ఘనత అనుకునే సేకర్తలతో. అడుగున ‘రోసా’ అని కనిపిస్తే చాలు, కళ్ళకద్దుకుంటారు. ఆవిడ 1980లో పోయారు. తర్వాత కార్ఖానా ఇంటివాళ్ళే నడిపారు. పేరున్నంతమాత్రాన ఆవిడ చేతిదెలా అవుతుంది? పేరు చదవడం మాని, కుండని వెలుగులో తిప్పి చూడాలి. పలుగురాయి నడిచిన సన్నటి జాడలు కనిపిస్తాయి. ఏ రెండు జాడలూ ఒక్కలా ఉండవు. అదీ చేతిపని.

ఒళ్ళంతా చిల్లులు పొడిచి, పువ్వులు చెక్కినవాటికంటే, ఏ నగా లేని ఉత్త నల్లకుండే నాకు నచ్చుతుంది. ఆ మెరుపుకి మళ్ళీ అలంకారం ఎందుకండీ?

ఇక ఆ బూడిదరంగుది. వేలితో తడితే గంటలా మోగుతుంది. సంతలో అది మూలన పడుంటే, సేకర్తలు పక్కనుంచి దాటిపోతారు. రెండిట్లో ఒక్కటే తీసుకోమంటే నేను దాన్నే తెచ్చుకుంటాను. నల్లదాన్ని రోజూ తుడవాలి కూడానూ.