పదిహేనేళ్లకూ యాభై ఏళ్లకూ మధ్య

పాత వాహనాల ధరలు పెరుగుతున్నాయన్న వార్త వచ్చిన ప్రతిసారీ, ఇప్పుడు రోడ్డు మీద తిరుగుతున్న బండ్లలో ముప్పై ఏళ్ల తరువాత దేనికి గిరాకీ వస్తుందో ముందే పసిగట్టవచ్చునా అన్న ప్రశ్న కూడా దాని వెంటే వస్తుంది. పెద్ద నగరాల్లో ఈ ప్రశ్నను మదుపు లెక్కలుగా చూస్తారు. కరీంనగర్–వరంగల్ దారి మీద పెరిగి, జమ్మికుంట పత్తి మార్కెట్‌తోనూ చుట్టుపక్కల విత్తన వరి పొలాలతోనూ ముడిపడి బతుకుతున్న హుజూరాబాద్ వంటి పట్టణంలో మాత్రం దీనికి ముందు మరొక ప్రశ్న వేసుకోవలసి ఉంటుంది. ధర పలికే రోజు వచ్చేదాకా ఆ బండిని ఎవరు కాపాడతారు, ఏ ఖర్చుతో కాపాడతారు, ఎందుకు కాపాడతారు అన్నది తేలకుండా భవిష్యత్తు ధరను ఊహించడం వల్ల ప్రయోజనం లేదు.

వాహనం విలువ నడిచే తీరు తెలుసుకోవడానికి తరుగుదల నుంచి మొదలుపెట్టాలి. షోరూం దాటిన నాటి నుంచి బండి ధర తగ్గుతూ పోవడాన్ని తరుగుదల అంటారు. మొదటి నాలుగైదేళ్లు అది వేగంగా, ఆపైన నెమ్మదిగా సాగి, చివరకు ఇనుప తుక్కు ధరకు దగ్గరగా వచ్చి ఆగుతుంది. అత్యధిక భాగం వాహనాల కథ అక్కడితోనే ముగుస్తుంది. కొద్ది రకాలు మాత్రమే ఆ అడుగు నుంచి పైకి లేస్తాయి. అందుకు ఒకవైపు అవి రోడ్ల మీద అరుదైపోవడం, మరోవైపు వాటిని పదిహేను ఇరవై ఏళ్ల వయసులో కోరుకుని అప్పుడు కొనలేకపోయిన తరం చేతికి నడివయసులో డబ్బు రావడం కారణాలవుతాయి. ఈ రెండూ కలిసినా, విడిభాగాలూ మరమ్మతు తెలిసిన మెకానిక్కులూ అప్పటికి మిగిలి ఉంటేనే ఆ గిరాకీ నిలుస్తుంది.

ప్రపంచంలో అత్యధిక ధరలు పలికిన కార్లలో ఫెరారీ 250 జీటీఓ ఒకటి. 1962–64 మధ్య 36 మాత్రమే తయారైన ఈ పందెపు కారు కొత్తగా సుమారు 18,000 డాలర్లకు అమ్ముడుపోగా, వాటిలో ఒకటి 2023 నవంబరులో న్యూయార్క్ వేలంలో 5 కోట్ల 17 లక్షల డాలర్లు పలికింది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసేవారు వాటి మధ్య జరిగినదాన్ని సాధారణంగా వదిలేస్తారు. 1960ల చివరిలో ఇదే కారు కాలం చెల్లిన పందెపు బండిగా కొత్త ధరలో సగం కూడా పలకని రోజులు ఉన్నాయి. 1980ల చివరిలో పాత కార్ల ధరలు విపరీతంగా ఎగసి, 1990 తరువాత ఒక్కసారిగా పడిపోయినప్పుడు, లాభం మీది ఆశ ఒక్కటే పెట్టుబడిగా దిగినవారు తీవ్రంగా నష్టపోయారు. పెరుగుదల గీత నునుపుగా పైకి సాగదనీ, దాని కింది మలుపుల్లో బండిని వదలకుండా ఉంచుకున్నవారి వల్లనే పై మలుపు సాధ్యమైందనీ ఈ చరిత్ర తెలియజేస్తున్నది.

తెలంగాణలో పాత కారు అనగానే హైదరాబాద్ చౌమహల్లా ప్రాసాదంలో ప్రదర్శనకు పెట్టిన పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్ గుర్తుకు వస్తుంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కోసం పురమాయించిన ఆ కారు, 1911లో ఆయన మరణించిన తరువాత ఏడవ నిజాం కాలంలో ఊరేగింపులకే పరిమితమై, చాలా కొద్ది దూరమే తిరిగింది. రాజప్రాసాదపు గోడలు, వారసత్వపు హక్కులు, మరమ్మతుకు కావలసిన ధనం ఉన్న చోట వాహనం శతాబ్దం పాటు నిలవడంలో ఆశ్చర్యం లేదు. ప్రజల వాహనాలకు అటువంటి రక్షణ అరుదుగానే దొరికింది. 1932లో 27 బస్సులతో మొదలైన నిజాం రాష్ట్ర రోడ్డు రవాణా శాఖ నాటి అల్బియన్ బస్సు ‘డెక్కన్ క్వీన్’ను ఆర్టీసీ భద్రపరచడం ఆ అరుదైన వాటిలో ఒకటి. ఉత్తర తెలంగాణ జనం ఎక్కి తిరిగిన మిగతా బండ్ల సంగతి ఇంతకన్నా భిన్నం, వాటి భవితవ్యం కూడా ఇంకా తేలలేదు.

ఈ ప్రాంతంలో ధర పెరుగుదల అందరి కళ్ల ముందే జరిగిన బండి యమహా ఆర్‌ఎక్స్ 100. ఎస్కార్ట్స్ సంస్థ యమహాతో కలిసి 1985 నుంచి 1996 వరకు అందించిన ఈ 98 సీసీ మోటారు సైకిలుది టూ స్ట్రోక్ ఇంజను, అంటే పిస్టన్ ఒకసారి పైకి, ఒకసారి కిందికి కదిలితేనే ఒక విడత శక్తిని ఇచ్చే ఇంజను. తక్కువ బరువున్న బండికి 11 హార్స్‌పవర్ తోడు కావడంతో అది ఆనాటి యువకుల కోరికగా మారింది. ఇంజను ఆయిల్ కూడా పెట్రోలుతో కలిసి మండడం వల్ల వెలువడే పొగ, కాలుష్య నియమాలు బిగిసిన కొద్దీ ఈ తరహా ఇంజన్లను మార్కెట్ నుంచి తప్పించింది. తయారీ ఆగిన 22 ఏళ్లకు, 2018లో, ఆ బండి పేరునే శీర్షికగా పెట్టుకున్న తెలుగు సినిమా విడుదలై జనాదరణ పొందడం చూస్తే, యంత్రం కనుమరుగైనా దాని మీది మమకారం తగ్గలేదని అర్థమవుతుంది. విడుదలైనప్పుడు 20,000 రూపాయల లోపే ఉన్న ఆ బండి, చక్కగా మరమ్మతు చేసి, కాగితాలు సరిగ్గా ఉంటే నేడు లక్ష రూపాయలు దాటి పలుకుతున్నది. 1990ల మధ్యలో ఈ పరిణామాన్ని ఎవరైనా ఊహించి ఉంటే అది నిరూపించలేని నమ్మకంగానే మిగిలి ఉండేది, ఎందుకంటే అప్పుడు ఆ బండి ప్రతి వీధిలోనూ ఉంది, వీధి నిండా ఉన్న వస్తువు అరుదవుతుందని ఊహించడం మనిషికి కష్టం.

అంబాసిడర్ కథ మరొక పాఠాన్ని ఇస్తుంది. బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనా ఆధారంగా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో హిందుస్థాన్ మోటార్స్ 1957లో మొదలుపెట్టిన తయారీ 2014 మే నెల వరకు సాగింది. అధికారుల కారుగా, పెళ్లి కారుగా, టాక్సీగా అది తిరగని పట్టణం లేదు. 2017లో అంబాసిడర్ అన్న పేరు మీది హక్కులను ఫ్రెంచి సంస్థ ప్యూజో 80 కోట్ల రూపాయలకు కొనుగోలు చేసింది. కేవలం ఒక పేరుకు అంత వెల కట్టిన కాలంలోనే, ఆ పేరు మోసిన కార్లు ఎన్నో తూకం లెక్కన తుక్కు కొట్లకు చేరిపోయాయి. కమాండర్ జీపులదీ ఇదే దారి. 1947లో విల్లీస్ జీపుల కూర్పుతో వాహన రంగంలోకి వచ్చిన మహీంద్రా సంస్థ తరువాతి దశాబ్దాల్లో రూపొందించిన ఈ పొడవాటి డీజిల్ జీపులు, బస్సు వెళ్లని పల్లెల నుంచి మనుషులను, కూరగాయల గంపలను, బడి పిల్లలను పట్టణానికి చేర్చాయి. ఎక్కువ పని చేసిన బండే తొందరగా అరిగిపోతుంది కనుక, ఒక ప్రాంతపు జీవితాన్ని అన్నిటికన్నా ఎక్కువగా మోసిన వాహనమే ఆ ప్రాంతంలో అన్నిటికన్నా ముందు కనబడకుండా పోతుంది. సేకరణ గురించి ఆలోచించేవారు గుర్తించవలసిన అతి ముఖ్యమైన విషయం ఇదే.

బండి పాతబడడానికీ విలువ పొందడానికీ మధ్య ఉన్న అంతరాన్ని చట్టం మరింత స్పష్టంగా చూపుతుంది. సొంత వాడకపు వాహనానికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆపైన తనిఖీ చేయించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఆ పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్ నుంచి మోటారు సైకిలుకు 1,000, కారుకు 5,000 రూపాయలకు పెరిగింది. 20 ఏళ్లు దాటిన వాటికి 2025లో దాన్ని మళ్లీ రెట్టింపు చేశారు. మరోవైపు, 2021 జూలైలో కేంద్రం ప్రకటించిన నియమాల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న ద్విచక్ర వాహనాలూ కార్లూ వింటేజ్ వాహనాలుగా గుర్తింపు పొందవచ్చు. వాటికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు వరుస ఉంది, కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, చెల్లుబాటు పదేళ్లు, వాడకం ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన వంటి వాటికే పరిమితం. ఈ లెక్కన 1985 నాటి తొలి ఆర్‌ఎక్స్ 100కు ఆ గుర్తింపు 2035లో గాని రాదు, 2014 నాటి చివరి అంబాసిడర్ 2064 దాకా ఆగాలి. పదిహేనేళ్ల వయసులో ముసలిదని ముద్రపడిన బండి యాభై ఏళ్లకు వారసత్వ సంపద అవుతుంది, మధ్యలోని 35 ఏళ్లలో ఏడుసార్లు తనిఖీకి వెళ్లి, ఏడుసార్లు రుసుము కట్టి, ఏ గౌరవమూ లేకుండా బతకాలి. భవిష్యత్తులో విలువ పొందే వాహనాల జాబితా నిజంగా తయారయ్యేది ఈ 35 ఏళ్ల వ్యవధిలోనే.

ఆ వ్యవధిని దాటించే పని రెండు చోట్ల జరుగుతుంది, ఒకటి ఇంటి బీరువా, రెండవది మెకానిక్ షెడ్డు. చాసిస్ మీద చెక్కిన నంబరూ ఇంజను నంబరూ ఆర్‌సీ పుస్తకంలోని నంబర్లతో సరిపోవడం సేకర్తలు మొట్టమొదట చూసే లక్షణం. ఇంజను మార్చిన బండి ఎంత సాఫీగా నడిచినా దాని విలువ తగ్గుతుంది. కరీంనగర్ జిల్లాకు కేటాయించిన ‘ఏపీ 15’ నంబరు, 2014 తరువాతి ‘టీఎస్ 02’, 2024 తరువాతి ‘టీజీ 02’ వరుసలు బండి ఏ కాలానిదో, ఏ నేలదో చెప్పే ఆధారాలు. కొన్ననాటి రసీదు, సర్వీసు పుస్తకం, పాత బీమా పత్రాలు కూడా పారేయకుండా ఉంచిన కుటుంబం, తనకు తెలియకుండానే బండి చరిత్రను భద్రపరుస్తున్నది. షెడ్డులో జరిగే పని ఇంతకన్నా కష్టమైనది. సిలిండర్ బోరింగు చేసి కొత్త పిస్టన్ రింగులు ఎక్కించడం, కార్బురేటర్ విప్పి శుభ్రపరచడం, తుప్పు పట్టిన రేకును మార్చకుండా డెంటింగుతో సరిచేయడం వంటి నైపుణ్యాలు పుస్తకాల్లో కన్నా గురువు పక్కన నిలబడి నేర్చుకున్న చేతుల్లోనే ఎక్కువగా ఉన్నాయి. ఆ చేతులు పని మానేస్తే, బండి ఉన్నా అది యంత్రంగా మిగలదు.

ఇటీవలి ఇంధన మార్పు ఈ నైపుణ్యానికి కొత్త బాధ్యతను చేర్చింది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది, పాత తరపు రబ్బరు పైపులనూ గాస్కెట్లనూ, అంటే లోహపు భాగాల మధ్య లీకేజీ లేకుండా అమర్చే పలుచని పొరలనూ, క్రమంగా దెబ్బతీస్తుంది. పాత బండిని ఉంచుకునేవారు వాటిని ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్పించుకోవడం, బండిని నెలల తరబడి ట్యాంకు నిండుగా నిలబెట్టకుండా ఉండడం తప్పనిసరి అవుతున్నది.

రాబోయే కాలంలో గిరాకీ పొందే వాహనాలను ఈ దృష్టితో చూస్తే కొన్ని సంగతులు తేటపడతాయి. 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరిలో ఆగిన మారుతి 800 లక్షల సంఖ్యలో తయారైనప్పటికీ, తొలి సంవత్సరాల నమూనాలు అసలు రూపంలో మిగిలినవి తక్కువ. మధ్యతరగతి కుటుంబపు మొదటి కారుగా దానికి ఉన్న జ్ఞాపకబలం గొప్పది. 2009లో వచ్చి 2018లో ఆగిన టాటా నానో వ్యాపారంగా విఫలమైనా, ఒక సాహసానికి గుర్తుగా చరిత్రలో చోటు సంపాదించుకున్నది. ట్రాక్టర్లను ఈ చర్చ నుంచి మినహాయించడం వ్యవసాయ ప్రాంతానికి తగదు. పంజాబ్, హర్యానాల్లో పాత హెచ్‌ఎంటీ 5911, ఫోర్డ్ 3600 ట్రాక్టర్లకు ఇప్పటికే ప్రత్యేక అభిమానులు ఉన్నారు, తెలంగాణ పొలాల్లో చమటోడ్చిన ట్రాక్టర్లకు ఆ గౌరవం ఇంకా రావలసి ఉంది. నేటి కార్ల విషయంలో మాత్రం సందేహం బలమైనది. సాఫ్ట్‌వేర్, సెన్సర్లు, తయారీ సంస్థ తాళం వేసిన కంట్రోల్ యూనిట్ల మీద ఆధారపడిన వాహనాన్ని, ఆ సంస్థ మద్దతు ఆపిన ముప్పై ఏళ్ల తరువాత ఒక పట్టణపు షెడ్డు బతికించగలదా అన్నది ఇంకా తేలని ప్రశ్న. జిల్లాలోని షెడ్డులో విప్పి బిగించగలిగిన బండికే సుదీర్ఘ భవిష్యత్తు ఉంటుందన్నది ఇప్పటికి చెప్పగలిగిన అత్యంత నమ్మదగిన అంచనా.

తెలంగాణ ఇప్పటికే కోల్పోయినదాన్ని చూస్తే ఈ మాటకు బలం చేకూరుతుంది. 1942లో హైదరాబాద్‌లో ఏర్పడిన ఆల్విన్ సంస్థ బస్సుల బాడీలు, రిఫ్రిజిరేటర్లు, గడియారాలతో పాటు పుష్పక్ స్కూటర్లను కూడా అందించింది. జహీరాబాద్‌లో తేలికపాటి ట్రక్కులు తయారుచేసిన ఆల్విన్ నిస్సాన్ సంస్థ 1989లో మహీంద్రా చేతికి వెళ్లింది. సంస్థ మూతపడితే విడిభాగాలు ఆగుతాయి, విడిభాగాలు ఆగితే బండి మూలన పడుతుంది, మూలన పడినది తూకానికి పోతుంది. ఈ నేల మీద ఈ నేల కార్మికులు చేసిన స్కూటరును నేటి పిల్లలకు చూపించాలంటే వెతకవలసిన స్థితి రావడం ధరల పట్టికలో కనిపించని నష్టం.

కనుక హుజూరాబాద్‌లో ఒక పాత జీపో, ట్రాక్టరో, మోటారు సైకిలో ఇంటి వెనుక ఉన్న కుటుంబానికి చెప్పదగిన సలహా లాభం గురించి కాదు. దాని కాగితాలను ఒకచోట చేర్చాలి, నంబర్లను మార్చకూడదు, రంగుల, హంగుల మోజులో అసలు భాగాలను పారేయకూడదు, దాన్ని నడిపించగల మెకానిక్‌కు పని ఇస్తూ ఉండాలి. ఐటీఐలు కార్బురేటర్ ఇంజన్ల మరమ్మతును పాఠ్యాంశంగా నిలిపి ఉంచితే, పదిహేనేళ్లు దాటి అసలు రూపంలో ఉన్న వాహనాలకు రవాణా శాఖ రుసుములో కొంత సడలింపు ఇస్తే, ఆ 35 ఏళ్ల దూరం దాటగలిగే బండ్ల సంఖ్య పెరుగుతుంది. ధర పెరిగితే ఆ కుటుంబానికి మేలు, పెరగకపోయినా ఒక తరం ఎలా ప్రయాణించిందో చూపే సాక్ష్యం ఊరికి దక్కుతుంది. ఈ రెండవ లాభం మార్కెట్ పడిపోయినా తగ్గదు, అందుకే కాపాడే శ్రమకు అదే సరైన ఆధారం.